ఓడ గాదు, వాడ

నా నవల చదివినోళ్ళు ఎక్కడ కలిసినా ఒకటే అడుగుతరు. "మాట్లాడే ఓడలంట, సముద్రం మీద యాపారం జేసే షావుకారు కుటుంబాలంట, డ్రాగన్లంట... గివన్ని ఎట్ల రాసిన్రు మేడం? ఎన్ని దేశాలు తిరిగిన్రు?" నేను నవ్వి ఊకుంట. నిజం చెప్తే పుస్తకం ఆడనే పడేసి పోతరని భయం. గా నవల రాసేనాటికి నేను సముద్రమే చూడలె. నేను చూసిన పెద్ద నీళ్ళంటె ధర్మపురి కాడ గోదారి, అది గూడ నడి ఎండకాలంల. చెప్పులు చేతుల పట్టుకొని అవతలి ఒడ్డుకు నడిచి పోయినం. ఇగ నా సముద్రయానం అంటరా, కోరుట్ల నుంచి సిరిసిల్ల దాక, ఎర్రబస్సుల. అది గూడ నడిమిట్లనే ఆగింది.

తెలంగాణ కోసం లొల్లి మస్తు జోరు మీదున్న రోజులవి. ఇయ్యాల బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి ఇంకేందో. జగిత్యాలల నేను చదివే కాలేజికి తాళం పడ్డది, హాస్టల్ ఖాళీ చేయిపిచ్చిన్రు. కోరుట్లల మా ఇంటికి వచ్చి పడ్డ. నెత్తిల ఓడ తిరుగుతున్నది, చేతుల పెన్నున్నది, కావాల్సినంత టైమున్నది. లేనిదల్ల నిమ్మళం. నేను ఒక్క లైను రాయంగనే మా అమ్మ, "ఊకెనే కూసున్నవు గద, జర గీ బియ్యంల రాళ్ళేరు" అంటది. రాసుడు గూడ ఒక పనే అమ్మా అంటె, "అయితె పనంత అయినంక గా పని చెయ్యి" అంటది.

ఇగ లాభం లేదని, సిరిసిల్లల మా చిన్నమ్మ ఇంటికి పోత అన్న. మా అమ్మ పొట్ట పట్టుకొని నవ్వింది. "నిమ్మళం కోసమని సాంచెల ఊరికి పోయేదాన్ని నిన్నే చూసిన్నే!" సాంచెలంటె కరెంటు మగ్గాలు. అవి నడుస్తుంటె పక్కన పిడుగు పడ్డా ఇనపడది. "బొగ్గు బాయిలు గూడ బందయి కరెంటే లేదు గదనే, సాంచెలన్ని ఆగినయట," అని చెప్పి సంచి సర్దుకున్న.

రుద్రంగి కాడ బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగ ముండ్లకంపలు, ఎడ్లబండ్లు, వాటి అవతల రాళ్ళ పొయ్యిల మీద వంటలు. మా డ్రైవరు చూసిండు, ఇంజన్ బంద్ చేసిండు, దిగి పోయి బంతిల కూసున్నడు. వాని ఎనక కండక్టరు. నాకు మండింది. ఒక పెద్దమనిషి దగ్గరికి పోయి, "అన్నా, నేను సిరిసిల్లకు పోవాలె" అన్న. "పోదువు తీ చెల్లె, తెలంగాణ వచ్చినంక పోదువు. ముందుగాల తిను," అని విస్తారు నా చేతుల పెట్టిండు. కోపం ఉన్నా అన్యాయంగ చెప్పద్దు, గంత మంచి వంకాయ కూర నేను మళ్ళ తినలె. చెయ్యి కడుక్కొని, జై తెలంగాణ అని, కంపల అవతల ఒక ఆటో దొరికిచ్చుకొని పోయిన.

మా చిన్నాయిన ముచ్చట జర చెప్పాలె. ఆయన కల్లు గీసే ఇంట్ల పుట్టిండు. తాత, తండ్రి, అన్నలు అందరు తాళ్ళెక్కినోళ్ళే. ఈయనకు మాత్రం నిచ్చెనెక్కితెనే కండ్లు తిరుగుతయి. "నేల మీద చేసే పని ఏదన్న చూపెట్టున్రి" అనుకుంట సిరిసిల్లకు వచ్చి, సాంచెల కాడ కూలి చేసి, పోను పోను పాతయి నాలుగు కొనుక్కున్నడు. మా చిన్నమ్మ పెండ్లయి వచ్చిన కాన్నుంచి వాటి నడుమనే బతికింది. కండెలు చుట్టింది, తెగిన పోగులు అతికింది, బిడ్డను పెంచి బీర్పూర్‌కిచ్చి పెండ్లి చేసింది. ఆ లొల్లిల ఆమె చెవులు మెల్లమెల్లగ మందమైనయి. సాంచెల ఇండ్లల్ల గది పెద్ద ముచ్చట గాదు. ఆ వాడల అందరు ఒర్రుకుంటనే మాట్లాడుతరు, అందరు "ఆఁ?" అంటరు.

నేను పోయేసరికి ఇంట్ల లడాయి నడుస్తున్నది. సాంచెలు తుక్కుకు అమ్మేసి మరాఠీ దేశంల ఉన్న భీవండి పోదామని చిన్నాయిన. రాను గాక రాను అని చిన్నమ్మ. భీవండిల చిన్నాయిన అక్క ఉన్నది. ఫ్యాక్టరీల పని ఇప్పిస్త, మా ఇంట్లనే మేడ మీది అర్రల ఉండున్రి అని ఫోన్ల మీద ఫోన్లు. ఈడ కరెంటు లేదు, నూలు లేదు, బట్ట అడిగేటోడు లేడు. ఆయన మాటల తప్పు లేదు. చిన్నమ్మ మాత్రం ఎందుకు రానంటున్నదో చెప్పది. "నిచ్చెనకే కండ్లు తిరిగేటాయినవు, మీది అర్రల ఎట్లుంటవు?" అంటది. గంతే. తుక్కు కొనేటాయినది జగిత్యాల. బందులు తగ్గంగనే బండి పంపిస్తనన్నడు. అంటె బందులు ఎన్నాళ్ళుంటె చిన్నమ్మకు సిరిసిల్ల గన్నాళ్ళు.

ఇగ ఆ నిమ్మళం సంగతి. సాంచెలు ఆగినయి గని మనుషుల గొంతులు ఆగలె. పొద్దంత సాంచెల మీదికెళ్ళి ఒర్రి ఒర్రి అలవాటైన నోర్లు గద, సప్పుడు లేకున్నా గట్లనే ఒర్రుతున్నయి. దాంతోని ఎవలింట్ల ఏం కూరనో, ఎవల కోడలు ఎవలిని ఏమన్నదో, వాడ మొదటి నుంచి చివరి దాక అందరికి ఇనపడుతున్నది. మా ఇంటి భీవండి పంచాయితి గూడ గట్లనే పాకింది. నేను నీళ్ళకు బయటికి పోతె, ఇండ్ల ముందట గల్మలల్ల కూసొని బీడీలు చేసే ఆడోళ్ళు ఒడిల చాటలు కదపకుంటనే అడుగుతున్నరు, "ఏమాయె బిడ్డా, మీ చిన్నమ్మ పోతదా, ఉంటదా?" అని.

ఒకనాడు మధ్యానం చిన్నమ్మ వచ్చి నా ముందట కూసున్నది. టీవీ లేదు, పని లేదు, మొగనితోని మాటల్లేవు.

"ఏం రాస్తున్నవే బిడ్డా?"

"నవల, చిన్నమ్మా. ఒక ఓడ ఉంటది. దానికి పానం ఉంటది. మాట్లాడతది."

"గండ్ల రాసేదేమున్నదే? మాట్లాడుడు తప్ప దానికి ఇంకో పనున్నదా?"

నేను పట్టించుకోలె. చెప్పుకుంట పోయిన. "అది ఒక షావుకారింటోళ్ళది. తాతల కాన్నుంచి అండ్లనే పుట్టి, అండ్లనే పెరిగిన్రు."

"అవ్ మరి. అందరం గంతే."

"అది మిరియాలు మోస్తె తుమ్ముతది."

"తుమ్మదా మరి! మొన్న ఆ మూలింటామె మిరపకాయలు దంచితె అంత తుమ్ముడే."

నాకు మస్తు సంబురమైంది. నా పాఠకురాలు దొరికిందనుకున్న. "ఇగ అది సముద్రం మీద దేశాలన్ని తిరుగుతది," అన్న. చిన్నమ్మ ఒకసారి గల్మ బయటికి చూసింది.

"మొత్తమా?"

"మొత్తమే."

"ఇండ్లతోని సహా?"

ఓడల ఉండే అర్రల గురించి అడుగుతున్నదనుకున్న. "ఆఁ, అర్రలుంటయి, వంటిల్లుంటది, అందరు అండ్లనే తింటరు, పంటరు."

"మరి మోరీలు?"

గింత మంచి ప్రశ్న నాకే తట్టలె. "మురికినీళ్ళు సీదా సముద్రంలకే పోతయి చిన్నమ్మా," అన్న.

"గది బాగున్నది," అన్నది చిన్నమ్మ. "మన మోరీ ఎప్పుడు నిండే ఉంటది."

తెల్లారి డ్రాగన్ల దాక వచ్చినం. సముద్రంల అడ్డంపడి, సుంకం ఇస్తెనే పోనిస్తయని చెప్పిన. అర్రల పండుకున్న చిన్నాయిన ఆడికెళ్ళే, "డ్రాగనంటె జగిత్యాలల బండి మీద అమ్మే చికెన్ గాదా?" అని ఒర్రిండు. "గది కాదు చిన్నాయినా. ఇంత పెద్ద పాము, రెక్కలుంటయి, నోట్లకెళ్ళి మంటలొస్తయి," అన్న. చిన్నమ్మ నా మొఖం దిక్కే చూసి, "సమజైంది," అన్నది. "మా ఆడబిడ్డ."

గా తర్వాత సంగతి నాకు నీళ్ళ కాడ తెలిసింది. బీడీలు చేసే ఒకామె నన్ను ఆపి, "మీ చిన్నమ్మ చెప్పిన వాడ నీళ్ళ మీద పోతది గద బిడ్డా, మరి ఎవలన్న వేరే వాడకు కోడలిగ పోవాలంటె ఎట్ల పోవాలె?" అని అడిగింది. పక్కామె అందుకొని, "డ్రాగన్లు రాస్తారోకో చేస్తె గా వాడోళ్ళు నీళ్ళ మీదనే వంటలు చేసుకున్నరట గద," అన్నది. నా నవలల గా ముచ్చట లేనే లేదు. ఉరికొచ్చి చిన్నమ్మ ముందట నిలబడ్డ.

"వాడ కాదు చిన్నమ్మా! ఓడ! ఓ... ఓడ!" మూతి గుండ్రంగ పెట్టి, చేతులతోని తెరచాప చూపెట్టిన.

"గదే గదనే. వాడ."

"ఓ! ఓ! ఓ!"

గప్పుడు చూసిన. ఆమె నా కండ్లల్లకు చూస్తలేదు. నా నోరునే చూస్తున్నది, సూదిల దారం ఎక్కిచ్చేటప్పుడు చూసినట్టు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని మెల్లగ, "చిన్నమ్మా, ఆకలైతున్నది" అన్న. ఆమె ఏం అనలె. చెయ్యి తీసి అంతే మెల్లగ మళ్ళ అన్న. "గింతసేపు చెప్పవేందే!" అని లేచింది.

చెవులు మందమైనయి అనుకున్నం గని గింతగ పోయినయని ఇంట్ల ఒక్కలకు గూడ తెల్వది. "చిన్నాయినకు తెలుసా?" అన్న. ఆమె గబుక్కున నా నోరు మూసింది. "చెప్పకు బిడ్డా. అసలే మాటలు తక్కువ మనిషి. ఇనపడదని తెలిస్తె నాతోని ముచ్చట పెట్టుడే బంద్ చేస్తడు." నేను చెప్పనని ఒట్టు పెట్టుకున్న. అటెనక ఆమె అన్నం పెట్టింది, నేను ఏడ్చుకుంట తిన్న, ఆమె కారం ఎక్కువైందనుకొని పెరుగేసింది.

బీడీలోళ్ళకు మాత్రం అసలు సంగతి చెప్పిన. అది ఓడనే, వాడ గాదు, రాసేదాన్ని నేను, నా మాట ఇనున్రి అన్న. "ఓడను ఎవలు చూసిన్రు తీ బిడ్డా," అన్నరు. "వాడనే ఉండనియ్యి. మంచిగున్నది." ఇగ రోజూ పొద్దూకె యాళ్ళకు నన్ను నడుమ కూసోబెట్టుకొని చెప్పిచ్చుకున్నరు. నేను ఓడ అంటె వాళ్ళు వాడ అని సరిచేసుడు. కోపానికొచ్చి నేనే ఒకసారి "వాడ లంగరేసింది" అన్న. ఎవలు నవ్వలె.

కతల నాలుగో అధ్యాయం ఉన్నది. నష్టాలొచ్చి షావుకారు ఓడను అమ్ముదామంటడు, ఓడ ఏడుస్తది. గది నేను జగిత్యాల హాస్టల్ల ఉన్నప్పుడే రాసుకున్న. మా చిన్నాయినతోని దానికి ఏ సంబంధం లేదు, మీ మీదొట్టు. గని గది చెప్పంగనే చాటలన్ని ఆగిపోయినయి.

"అమ్ముతడా? వాడను ఎట్ల అమ్ముతడే? వాని అబ్బ సొమ్మా?"

"పుట్టి పెరిగిన మనుషులు అండ్ల ఉండంగనా?"

అందరి కండ్లు ఒక్కసారి మా ఇంట్లకు తిరిగినయి. చిన్నాయిన మంచం మీద లేచి కూసున్నడు, మళ్ళ పండుకొని మొఖం మీద తువ్వాల కప్పుకున్నడు. నేను లోపలికి పోతె తువ్వాల కిందికెళ్ళే అడిగిండు, "మీ చిన్నమ్మ రాయమన్నదా?" అని. ఎంత చెప్పినా నమ్మలె. "నువ్వు సదువుకున్నదానివి. కత రాసి మనిషిని బద్నాం చేసుడు మంచిగ లేదు," అన్నడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. సముద్రం గురించి రాసుకుందామని వస్తె, ఆలుమొగల నడుమ పుల్ల పెట్టినదాన్నయిన.

గంతల్నే బందులు జర సడలినయి. తుక్కాయిన బండి జగిత్యాల నుంచి బయలుదేరిందని ఫోనొచ్చింది. చిన్నాయిన పాన పట్టుకొని సాంచెల బోల్టులు ఊడదీసుడు షురూ చేసిండు. చిన్నమ్మ అడ్డం చెప్పలె, ఏడ్వలె. ఒక బట్టపేలిక పట్టుకొని సాంచెలు తుడుచుకుంట తిరిగింది. అమ్మేటివాటిని ఎందుకు తుడుస్తున్నవని అడిగే ధైర్యం నాకు రాలె.

బండి వాడ మలుపు తిరిగింది. ఎవలు చెప్పిన్రో, ఎప్పుడు అనుకున్నరో నాకు ఇప్పటికీ తెల్వది. గల్మలల్ల కూసున్న ఆడోళ్ళు చాటలు పట్టుకొని లేచిన్రు, పోయి రోడ్డు నడుమ కూసున్నరు, మళ్ళ బీడీలు చేసుడు మొదలుపెట్టిన్రు. ఒక ముసలామె పీటతోని సహా వచ్చింది. బండి డ్రైవరు బ్రేకేసి తల బయటికి పెట్టిండు. రోడ్డు మీద ఆడోళ్ళను చూడంగనే వాని చెయ్యి దానంతట అదే లేచింది.

"జై తెలంగాణ!"

"జై తెలంగాణ!" అన్నరు వీళ్ళు. అనకుంట ఎట్లుంటరు?

"మాఫ్ చెయ్యున్రి అక్కా! బంద్ సడలిందన్నరని వచ్చిన. ఈడ ఇంక ఉన్నదని తెల్వలె," అని రివర్స్ చేసుకున్నడు. చిన్నాయిన చేతుల పాన తోని ఉరికిండు. "ఒరేయ్, బంద్ లేదురా! ఆగు! ఇది వేరే లొల్లి!" వాడు ఆగుతడా? "నీ దండం పెడుత అన్నా, మొన్ననే ఒక అద్దం పలిగింది," అనుకుంట ఎనక చూడకుంట పోయిండు. ఆడోళ్ళు ఏం కానట్టు బీడీలు చేస్తున్నరు. నాకు నవ్వాగలె, చున్నీ నోట్ల కుక్కుకున్న.

చిన్నాయిన లోపలికొచ్చి పాన నేలకేసి కొట్టిండు. గోడ దిక్కు తిరిగి నిలబడి గలగల తిట్టుడు షురూ చేసిండు. రేపటి నుంచి ఏం తిని బతుకుదామన్నడు, వాడోళ్ళు అన్నం పెడుతరా అన్నడు, నా బాధ ఒక్కలకన్న సమజైతదా అన్నడు. చిన్నమ్మ ఆయన ఈపు చూసుకుంట నిలబడ్డది, నిలబడ్డది, ఇగ ఆగలేక పోయి రెండు భుజాలు పట్టి గుంజింది.

"ఇటు తిరుగు! ఏమనేది ఉన్నా నాదిక్కు తిరిగి అను! నాకు ఇనపడది!"

"ఇన్నది చాలదా ఇంక?"

"ఇనపడది అంటున్న గదయ్యా! నీ నోరు చూసి బతుకుతున్న. నీ నోరు, పాలు పోసేటాయిన నోరు, గా బీడీలోళ్ళ నోర్లు. చూడంగ చూడంగ నేర్చుకున్న. భీవండిల నేను ఎవల నోరు చూడాలె? గాడ హిందీ, మరాఠీ. నోర్లు కదులుతయి గని నాకు ఒక్క మాట దొరకది. ఈడ నా చెవులే పోయినయి. గాడికి పోతె నేనే పోత."

చిన్నాయిన మెల్లగ కిందికి కూసున్నడు.

"మరి... నేను అటు తిరిగి చెప్పినయన్ని?"

"ఏం చెప్పినవో నాకేం తెలుసు?"

"అవునవునని తల ఊపినవు గదనే ఇన్నేండ్లు!"

"ఏదో ఒకటి ఊపాలె గద!"

చిన్నాయిన తల పట్టుకున్నడు. అటు తిరిగి ఆమెతోని ఏమేం చెప్పుకున్నడో, ఏ బాధలు, ఏ ముచ్చట్లు, అన్ని గోడకే చెప్పినట్టయింది గద. ఆయన కండ్లల్ల నీళ్ళు చూసుడు నాకు గదే మొదటిసారి.

జరసేపటికి ఆయన లేచిండు. చిన్నమ్మను ఎలుతురున్న దిక్కు, గల్మ మీద కూసోబెట్టిండు. ఎదురుంగ గొంతుక్కూసొని, మీసాలు అడ్డం రాకుంట చేత్తోని పైకి జరుపుకొని, నోరు పెద్దగ తెరిచి, ఒక్కొక్క అక్షరం ఇడగొట్టుకుంట అన్నడు.

"పో... త... లేం."

రోడ్డు మీద ఉన్న ఆడోళ్ళందరికి ఇనపడ్డది. చాటలు తట్టి కేకలేసిన్రు.

"ఏందీ?" అన్నది చిన్నమ్మ.

"పోతలేం అంటున్న! ఈడనే ఉంటున్నం!"

"సరిగ ఇనపడలె."

ఆమె మొదటిసారికే పట్టుకున్నది. ఆమె పెదవులు ఆయన పెదవులతో పాటే కదిలినయి, నేను నా కండ్లతోని చూసిన. గని ఆయన మీసాలు పట్టుకొని మళ్ళ చెప్తున్నడు, ఆమె ఆయన మొఖం మీదికెళ్ళి చూపు తిప్పకుంట, "జర మెల్లగ చెప్పయ్యా," అంటున్నది.